బడిలో ఉన్నారు, చదవడం రాలేదు: మూడో తరగతి దగ్గర ఏం జరుగుతోంది

నాలుగో తరగతి పిల్లాడి నోట్సు తెరిస్తే ముచ్చటేస్తుంది. గుండ్రటి అక్షరాలు, ప్రశ్న కింద జవాబు, జవాబు పక్కన ఎర్ర సిరాతో టిక్కు. అదే నోట్సులో ఒక వాక్యం మీద వేలు పెట్టి చదవమంటే మాత్రం నోరు పెగలదు. బోర్డు మీదున్నది చూసి దించడం వచ్చింది, చదవడం రాలేదు. ఇలాంటి పిల్లలు ప్రభుత్వ బడిలోనూ ఉన్నారు, ఫీజు కట్టే బడిలోనూ ఉన్నారు.

చదువు సమాజానికి ఏం చేస్తుందని ఎవరినడిగినా పెద్ద జవాబులే వస్తాయి. ఉద్యోగం, ఆరోగ్యం, ఆడపిల్లల పెళ్లి వయసు, ఎవరికీ తలవంచకుండా బతకడం. అన్నీ నిజమే. కానీ వీటన్నిటికీ ముందు తీరాల్సిన షరతు ఒకటుంది. తొమ్మిదేళ్లు నిండేలోపు, అంతకుముందు చూడని పేజీ ఒకటి చేతికిస్తే, పిల్ల తనంతట తాను చదివి అర్థం చేసుకోగలగాలి. ఇది జరిగితే మిగతా చదువు పిల్లకు అందుతుంది. జరగకపోతే ఎన్నేళ్లు బడిలో కూర్చున్నా హాజరు పట్టీ మాత్రమే నిండుతుంది.

హాజరు విషయంలో దేశం నిజంగానే చాలా దూరం వచ్చింది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా చదువు ప్రాథమిక హక్కు అయింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో బడిలో పేరున్నవాళ్లు 2024 నాటి అసర్ సర్వేలో 98 శాతం. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి చేయిస్తున్న ఈ సర్వే బడిలో కాకుండా ఇంటికి వెళ్లి, పిల్లలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివిస్తుంది. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ, ఈ నాలుగు మెట్లే పరీక్ష. 2024లో దేశవ్యాప్తంగా మూడో తరగతి గ్రామీణ పిల్లల్లో ఆ రెండో తరగతి కథ చదవగలిగింది 27 శాతం. ఐదో తరగతిలో కూడా సగానికి చేరలేదు, 48.8 శాతం. కరోనాతో బడులు నెలల తరబడి మూతపడ్డాక, 2022లో తీసిన లెక్కలో మూడో తరగతికి ఆంధ్రప్రదేశ్‌లో 10.3 శాతం, తెలంగాణలో 5.2 శాతం. కరోనాకు ముందు, 2018లో కూడా ఈ అంకెలు 22.6, 18.1 మాత్రమే. కాబట్టి నెపమంతా కరోనా మీద వేయడానికి లేదు.

మూడో తరగతే ఎందుకు

ఒకటి, రెండు తరగతుల్లో చదవడమే పాఠం. మూడో తరగతి నుంచి పాఠం వేరే ఉంటుంది, చదవడం దానికి పనిముట్టు అవుతుంది. పరిసరాల విజ్ఞానం పుస్తకం చేతికొస్తుంది. లెక్కల్లో కూడా "రాము దగ్గర 45 మామిడిపండ్లున్నాయి" అని వాక్యాలు మొదలవుతాయి. తీసివేత తెలిసిన పిల్ల కూడా ఆ వాక్యం చదవలేక లెక్క తప్పుతుంది. టీచరు అది లెక్కల్లో వెనకబాటు అనుకుంటారు.

ఆ పైన మళ్లీ వెనక్కి వచ్చి చదవడం నేర్పే తరగతి ఏదీ లేదు. నాలుగో తరగతి టీచరు నాలుగో తరగతి సిలబస్ పూర్తి చేయాలి. హైస్కూల్లో సబ్జెక్టు టీచరుకు అక్షరాలు నేర్పే శిక్షణే ఉండదు. పదో తరగతి దాకా పెద్ద అడ్డంకి ఏదీ ఉండదు కాబట్టి పిల్ల పైకి జరుగుతూ పోతుంది. తొమ్మిదిలోనో, పదిలో ఫెయిలయ్యాకో బడి మానేస్తుంది. బడి మానేసిన ఆడపిల్ల ఇంట్లో ఆ ఏడాదే పెళ్లి మాటలు మొదలవుతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల యువతుల్లో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. పేదరికం, కట్నం, భయం, దూరంగా ఉన్న కాలేజీ, వీటన్నిటి పాత్రా ఇందులో ఉంది. అయితే చదువు వంటబట్టిన పిల్లను బడి మాన్పించడం ఇంట్లోవాళ్లకు అంత తేలిక కాదు. ఎనిమిదేళ్లు కూర్చున్నా ఏమీ రాని పిల్లను మాన్పించడానికి పెద్దగా ఆలోచించరు.

తెలుగు చదవడంలో అసలు చిక్కు

తెలుగు లిపిలో అక్షరానికీ పలుకుకీ పొంతన గట్టిగా ఉంది. ఒకసారి పట్టు దొరికితే పిల్లలు వేగంగా అల్లుకుపోతారు. కష్టమంతా రూపాల సంఖ్యలో ఉంది. వర్ణమాల 56 అక్షరాలంటాం. కానీ పేజీ మీద పిల్లకు కనిపించేది వర్ణమాల కాదు, గుణింతం. ముప్పై ఐదు హల్లులకు తలా పదిహేను రూపాలు వేసుకున్నా 500 దాటుతాయి. ఆపైన వత్తులు.

చాలా బడుల్లో ఇప్పటికీ వరస ఇదే: ముందు అచ్చులన్నీ, తర్వాత హల్లులన్నీ, తర్వాత గుణింతాలన్నీ, చివరికి వత్తులు. "కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా" అని తరగతంతా గొంతెత్తి పాడుతుంది. వినడానికి బాగుంటుంది. ఆ వరస ఆపి, మధ్యలో "తు" చూపించి ఇదేంటని అడిగితే, పిల్ల మళ్లీ త నుంచి మొదలుపెట్టి అక్కడిదాకా పాడుకుంటూ వస్తుంది. వరస వచ్చింది, గుర్తు రాలేదు. ఌ, ఙ, ఞ లాంటివి విడిగా పుస్తకంలో దాదాపు కనిపించవు. ఛ, ఝ, ఠ, ఢ చిన్నపిల్లల మాటల్లో అరుదు. వాటి మీద వారాలు పోస్తే, రోజూ కావాల్సిన త, ల, ర, న మీద పెట్టే సమయం తగ్గిపోతుంది.

ఇంకో చిక్కు ఎక్కువమంది గమనించరు. పిల్లకు అందరికంటే ముందు తెలిసిన మాటలు చూడండి: అమ్మ, నాన్న, అక్క, అన్న, అవ్వ, అత్త, తమ్ముడు, చెల్లి, అన్నం, పప్పు, కుక్క, పిల్లి. అన్నిట్లోనూ వత్తుంది. వత్తులు ఆఖరున నేర్పితే, ఏడాదంతా పిల్లకు ఈ ఇంటి మాటల్లో ఒక్కటీ చదివే అవకాశం రాదు. అందుకే పుస్తకం తన కోసం కాదనుకుంటుంది.

వత్తు దగ్గర కంటికీ చెవికీ వైరుధ్యం కూడా ఉంది. "పిల్లి"లో గుడి పైనున్న ల నెత్తి మీద ఉంటుంది, పలికేది మాత్రం కింది ల తర్వాత. ఇది ఎవరూ విడిగా చెప్పకపోతే పిల్ల ఉన్నది ఉన్నట్టు "పిలిల" అని చదువుతుంది. తప్పు పిల్లది కాదు, లిపి చూపించిన వరసలోనే చదివింది. రెండో సంగతి వత్తుల ఆకారం. చాలా హల్లుల వత్తు, అక్షరం తలకట్టు తీసేసినట్టే ఉంటుంది కాబట్టి పోల్చుకోవచ్చు. త, న, మ, య, ర, ల, ఈ ఆరింటి వత్తులకు అక్షరంతో పోలికే లేదు. దురదృష్టవశాత్తు తెలుగులో తరచుగా వచ్చేవి కూడా ఇవే. ఈ ఆరింటినీ ముందే విడిగా, రోజుకొకటి చొప్పున, తెలిసిన మాటల్లో చూపిస్తే వత్తుల భయం సగం పోతుంది. ముందు ద్విత్వాలు (అత్త, అన్న, అమ్మ, అయ్య, బర్రె, తల్లి), తర్వాత చక్రం, పుస్తకం లాంటి సంయుక్తాలు, స్త్రీ లాంటివి అన్నిటికంటే చివర.

మొదలు కూడా అంతే. త, ల, ర, మ, వ, న ఆరక్షరాలు, ఒక్క దీర్ఘం, ఒక్క సున్న చేతికొస్తే తల, వల, లత, తాత, మాల, వాన, మనం, వనం చదివేయొచ్చు. పది రోజుల్లో పిల్ల నిజమైన మాటలు చదువుతుంది. అక్కడి నుంచి వారానికి మూడు నాలుగు అక్షరాలు, ఒకటో రెండో గుర్తులు కలుపుకుంటూ పోవాలి. పోలిక ఉన్న అక్షరాలను ఒకే రోజు నేర్పకూడదు. ప-వ-ష, బ-భ, ద-ధ-థ, డ-ఢ జంటల్లో ఒకటి గట్టిపడ్డాక రెండోది తేవాలి. వ పక్కన కొమ్ము పెడితే మ లాగా కనిపిస్తుందని "వు"లో కొమ్ము కిందనుంచి తిరుగుతుంది. మొ, మో, యొ, యో రూపాలు మిగతా గుణింతంలా ఉండవు. వీటిని నియమంలో ఇరికించకుండా, ఇవి వేరు అని చెప్పి చూపించడమే మేలు.

సమయం ఎక్కడికి పోతోంది

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడి ఏడాదికి 200 రోజులు, 800 గంటలు నడవాలి. అంటే రోజుకు 4 గంటలు. 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. తరగతులు ఐదు. ఒకరు ఒకటి, రెండు తరగతులు తీసుకుంటే ఇంకొకరికి మూడు, నాలుగు, ఐదు పడతాయి. 240 నిమిషాలను మూడు తరగతులకు పంచితే తరగతికి 80 నిమిషాలు, నాలుగు సబ్జెక్టులకు పంచితే తెలుగుకు 20 నిమిషాలు. తరగతిలో పన్నెండు మంది ఉంటే ఒక్కో పిల్ల గొంతు వినడానికి రెండు నిమిషాలు కూడా రావు. మిగతా తరగతులను ఆ సమయంలో నిశ్శబ్దంగా ఉంచడానికి ఉన్న ఒకే మార్గం చూచిరాత. అందుకే నోట్సులు అంత అందంగా ఉంటాయి.

ఇది ఇద్దరు టీచర్లూ రోజంతా తరగతిలోనే ఉన్నారనుకుని వేసిన లెక్క. జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప టీచర్లకు వేరే పని అప్పగించకూడదని చట్టంలోని 27వ సెక్షన్ చెబుతోంది. అయినా హాజరు, భోజనం, గుడ్లు, పుస్తకాలు, మరుగుదొడ్ల ఫొటోలు, అన్నీ యాప్‌లో ఎక్కించే పని బడి వేళల్లోనే టీచరు మీద పడుతుంది. ఒక టీచరు సెలవు పెడితే ఐదు తరగతులూ ఒక్కరివే. ఈ పరిస్థితిని పట్టించుకోకుండా పిల్లలకు రావట్లేదని టీచర్లను తిట్టడం అన్యాయం.

ఐదు నిమిషాల పరీక్ష

పిల్లకు చదవడం వచ్చిందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. పాఠ్యపుస్తకం వాడకండి, అందులో పాఠాలు చాలామందికి నోటికి వచ్చేసి ఉంటాయి. పిల్ల చూడని కథ, ఆరేడు చిన్న వాక్యాలది, పెద్ద అక్షరాల్లో ఉన్నది తీసుకోండి. లేదా మీరే కాగితం మీద రాయండి. పక్కన కూర్చుని వినండి, తప్పులు దిద్దకండి, తొందరపెట్టకండి. చదివాక మధ్యలో ఏదో ఒక పదం మీద వేలు పెట్టి అడగండి. చివర రెండు ప్రశ్నలు వేయండి. ఒకదాని జవాబు కథలో ఉండాలి, రెండోది పిల్ల ఆలోచించి చెప్పేదై ఉండాలి.

తప్పు ఎలాంటిదో వింటే మందు తెలుస్తుంది. "అమ్మ"ను "అమ" అని, "కుక్క"ను "కుక" అని చదివితే వత్తులు రాలేదు. "పాలు", "పలు" ఒకేలా చదివితే హ్రస్వ దీర్ఘాల దగ్గర లోపం. దాన్ని రాత కంటే చెవితో ముందు సరిచేయాలి. చప్పట్లు కొట్టి, పొడుగ్గా, పొట్టిగా పలికించాలి. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తుంటే పదాన్ని ముక్కలు చేసి కలపడం రాలేదు. అన్నీ సరిగ్గా చదివి అర్థం చెప్పలేకపోతే, చాలాసార్లు కారణం వేగం. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో మర్చిపోతుంది. ఆ పిల్లకు కొత్త అక్షరాలు అక్కర్లేదు, తెలిసిన అక్షరాలతో బోలెడు తేలిక పుస్తకాలు కావాలి.

వేగం గురించి ఒక మాట. 2021 జులై 5న చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60 పదాలు అని ఉంది. తెలుగులో ఈ అంకెను కొంచెం ఆలోచించి వాడాలి. హిందీలో చాలా పదాల్లో చెప్పేది మనం "వెళ్ళిపోతున్నారంటున్నారు" అని ఒకే పదంగా రాస్తాం. తెలుగు పిల్ల పదాల లెక్కలో నెమ్మదిగా కనిపించినా అక్షరాల లెక్కలో వెనకబడి ఉండకపోవచ్చు. 2022లో జాతీయ స్థాయిలో 20 భాషలకు విడివిడిగా కొలతలు తీయడానికి కారణం ఇదే. స్టాప్‌వాచీ కంటే, పిల్ల మాట్లాడినట్టు చదువుతోందా లేదా అన్నది వినడం నయం.

ఏది పని చేసింది, ఏది చేయలేదు

తరగతి గోడలు కాసేపు పక్కన పెట్టి, పిల్లకు వచ్చిన స్థాయి నుంచి నేర్పడం ఇప్పటిదాకా బాగా పరీక్షకు నిలిచిన పద్ధతి. మూడు, నాలుగు, ఐదు తరగతులను రోజుకు ఒక గంట కలిపేస్తారు. ఆ గంట అక్షరాల గుంపు, పదాల గుంపు, పేరా గుంపు, కథల గుంపు అని విడగొడతారు. ఐదో తరగతి పిల్ల అక్షరాల గుంపులో ఉండొచ్చు, మూడో తరగతి పిల్ల కథలు చదవొచ్చు. 2013–14లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ప్రథమ్ ఇలా 10 నుంచి 20 రోజుల విడతలుగా మొత్తం 50 రోజుల శిబిరాలు నడిపింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం లాటరీతో బడులను ఎంచి పోల్చి చూస్తే, పేరా లేదా కథ చదవగలిగిన పిల్లల వాటా శిబిరాలు లేని బడులతో పోలిస్తే దాదాపు రెట్టింపైంది. అదే సామగ్రిని, శిక్షణను టీచర్లకు ఇచ్చి మామూలు పీరియడ్లలో కలుపుకోమన్న చోట ఫలితం రాలేదు. సిలబస్ ఒత్తిడిలో అది కొట్టుకుపోయింది. విడిగా గంట కేటాయించడమే అసలు కిటుకు.

ఆ గంటను ఇలా వాడొచ్చు. పది నిమిషాలు అందరూ కలిసి ఒక కథ వినడం, దాని మీద మాట్లాడుకోవడం. ఇరవై ఐదు నిమిషాలు గుంపుల్లో పని: అక్షరాల గుంపుకు గుణింత పటంలో అడ్డంగా, నిలువుగా వేలు పెట్టి చదవడం, పదాల గుంపుకు చీటీలు కలిపి పదాలు కట్టడం, పేరా గుంపుకు జంటగా చదవడం. పదిహేను నిమిషాలు టీచరు ఒక్కొక్కరి దగ్గర కూర్చుని వినడం, రోజుకు ఆరేడుగురు. చివరి పది నిమిషాలు పిల్లలు తమ సొంత మాటలు రాయడం, తప్పులున్నా సరే. పది రోజులకోసారి మళ్లీ పరీక్షించి గుంపులు మార్చాలి. గుంపు మారకుండా నెలల తరబడి అలాగే ఉండిపోతే అది మొద్దుల బెంచీ అయిపోతుంది. ఈ పద్ధతి చెడేది ఎక్కువగా అక్కడే.

పరీక్షలు పెట్టి ఫలితాలు చేతికిస్తే సరిపోదన్నది మన దగ్గరే తేలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనంలో, పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రాసిన నివేదికలు టీచర్లకు ఇచ్చారు. పిల్లల మార్కుల్లో తేడా రాలేదు. వాళ్లిద్దరే లాటరీ ద్వారా ఫీజు వోచర్లిచ్చి ప్రైవేటు బడులకు పంపిన పిల్లలను నాలుగేళ్ల తర్వాత చూస్తే, తెలుగులోనూ లెక్కల్లోనూ ప్రభుత్వ బడి పిల్లల కంటే మెరుగ్గా లేరు. హిందీలో మెరుగయ్యారు. ప్రైవేటు బడికి అయిన ఖర్చు మాత్రం ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు లోపే. ప్రభుత్వ బడి పక్షం వాళ్లూ, ప్రైవేటు బడి పక్షం వాళ్లూ తమకు నచ్చిన ముక్క తీసుకుని వాదిస్తారు. తల్లిదండ్రులకు పనికొచ్చేది ఇంకొకటి: బడి మార్చినంత మాత్రాన చదవడం రాదు, ఏ బడిలో ఉన్నా పిల్లను చదివించి వినాల్సిందే.

మాధ్యమం గొడవకూ ఇదే వర్తిస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఇంగ్లీషు మీడియం వైపు నడక పెరిగింది, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉన్న పుస్తకాలొచ్చాయి. ఇంగ్లీషు కావాలనుకోవడం న్యాయమైన కోరిక. కానీ అక్షరాన్ని పలుకుతో కలిపే కిటుకు పిల్ల ఒక్కసారే నేర్చుకుంటుంది, అది అర్థం తెలిసిన భాషలో తేలిగ్గా వస్తుంది. తెలుగులో చదవడం వచ్చిన పిల్ల దాన్ని ఇంగ్లీషుకు తీసుకెళ్తుంది. రెండూ రాని పిల్లకు రెండు లిపులు ఒకేసారి ఇస్తే రెండింట్లోనూ చూచిరాతే మిగులుతుంది. అదే కారణంతో, ఇంట్లో కోయ, గోండి, కువి, సవర మాట్లాడే పిల్లలకు తెలుగే మొదటి అడ్డంకి. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో మొదలైన బహుభాషా విద్య ఈ సంగతి గుర్తించిన ప్రయత్నం. దాన్ని ఏజెన్సీ బడుల్లో గట్టిగా నిలబెట్టాలి.

బడి కమిటీలో అడగాల్సినవి

విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులుండాలని, సగం మంది మహిళలుండాలని చెప్పింది. సమావేశాల్లో చర్చంతా గోడలు, రంగులు, భోజనం, నీళ్ల దగ్గరే ఆగుతుంది. అవి కావాల్సినవే. వాటితోపాటు తరగతివారీగా ఎంతమంది అక్షరాల దగ్గర ఉన్నారు, ఎంతమంది పదాల దగ్గర, ఎంతమంది పేరా చదువుతున్నారు, ఎంతమంది కథ చదువుతున్నారు అని అడగండి. పేర్లు అక్కర్లేదు, సంఖ్యలు చాలు. మూడు నెలలకు మళ్లీ అడగండి. తెలంగాణలో 2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టు అనే చదవడం, లెక్కల కార్యక్రమం వల్ల ఒకటి నుంచి ఐదు తరగతులకు ఇలాంటి లెక్క బడి దగ్గరే తయారవుతుంది. సంఖ్య కదలకపోతే ఆ రోజువారీ గంట ఏమైందో, టీచరు ఎన్ని రోజులు వేరే డ్యూటీలో ఉన్నారో తేల్చి, మండల విద్యాధికారికి కమిటీ తీర్మానంగా రాసి పంపాలి.

హైస్కూల్‌కు వచ్చేసిన పిల్లల సంగతి వేరు. పదమూడేళ్ల పిల్ల చేతిలో ఒకటో తరగతి పుస్తకం పెడితే సిగ్గుతో మూసేస్తుంది, రేపటి నుంచి రాదు. వాళ్లకు అక్షరాలు నేర్పే వరస అదే ఉండాలి, చదివేది మాత్రం వయసుకు తగ్గది కావాలి. బస్సు బోర్డులు, పేపర్లో ఆటల పేజీ, ఎరువుల బస్తా మీది సూచనలు, పొదుపు సంఘం పాసుపుస్తకం, ఇంట్లోవాళ్ల మందుల చీటీ మీద ఏ పూట ఎన్ని వేసుకోవాలో రాసిన వరస. రోజుకు నలభై నిమిషాలు, బడి విడిచాక, నలుగురైదుగురి గుంపు, తోటివాళ్ల ముందు కాకుండా విడి గది. వయసు పెరిగిన పిల్లలు చిన్నవాళ్ల కంటే త్వరగా అందుకుంటారు, ఎందుకంటే మాటలన్నీ వాళ్లకు ముందే తెలుసు. తొమ్మిదో తరగతి మొదట్లో ఇది చేపడితే పదో తరగతి పుస్తకాలు చేతికొచ్చేసరికి వాటిని తామే చదువుకునే వీలుంటుంది.